నలభై ముగ్గురు సాక్షులు

బుధవారం పొద్దున ఎనిమిదిన్నరకు తలుపు తీసేసరికి ప్రమీలారాణి మా అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. ఆమె చేతిలో ఫోను, ఫోనులో ఆమె మొగుడు ఐజాక్ ఫొటో, ఫొటో చుట్టూ ఎర్రటి సున్నా. ఆ ఫొటో అప్పటికే నాకు నాలుగుసార్లు వచ్చింది. ఒకసారి పాలవాడు పంపాడు, ఒకసారి మా వియ్యంకుడు పంపాడు, మిగతా రెండూ ఎవరు పంపారో చూసే ఓపిక లేకపోయింది.

నా పేరు దశరథరామయ్య. పోలీసు క్లూస్ టీంలో ముప్పై ఒక్క ఏళ్ళు వేలిముద్రలు తీసి, హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. తిరువూరులో ప్రైవేటు డిటెక్టివునని బోర్డు పెట్టుకున్నాక వచ్చిన కేసులన్నీ పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలే. అబ్బాయి తాగుతాడా, అమ్మాయికి ఇన్‌స్టాగ్రాంలో ఎవరైనా ఉన్నారా, అంతవరకే. ఒక మనిషి ప్రాణం మా గుమ్మం ముందుకొచ్చి నిలబడి చాలాకాలమైంది. నిజం చెప్పాలంటే ఆమెను చూడగానే మళ్ళీ లోపలికెళ్ళి పడుకోవాలనిపించింది.

"నిన్న మధ్యాహ్నం రెండింటికి మీ ఆయన ఎక్కడున్నాడమ్మా?"

"బస్టాండ్ వెనక కార్లో పడుకున్నాడంట సార్."

"చూసినవాళ్ళున్నారా?"

"పడుకున్నోణ్ణి ఎవరు చూస్తారు సార్?"

"బట్టలు?"

"తెల్లచొక్కా, తెల్లప్యాంటు, టోపీ. మిల్లు ఓనరుగారికి డ్రైవరు అట్లా ఉంటేనే ఇష్టం."

అదీ సంగతి. మంగళవారం మధ్యాహ్నం మార్కెట్ వీధిలో సీతారామాంజనేయులుగారి కిరాణా హోల్‌సేల్ కొట్లోకి ఎవరో దూరి, గల్లా దగ్గర కునుకు తీస్తున్న ఆయన భార్య బాలామణిగారిని తూకంరాయితో తల మీద కొట్టి, మెళ్ళో నానుతాడు తెంపుకుపోయారు. ఆమె విజయవాడ ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉంది. కొట్లో గుమ్మం వైపు తిప్పిన కెమెరాలో ఒక్క మనిషి పడ్డాడు. రెండూ పన్నెండుకు లోపలికెళ్ళాడు, రెండూ పంతొమ్మిదికి బయటికొచ్చాడు. ముఖానికి మాస్కు. తెల్లచొక్కా, తెల్లప్యాంటు, తెల్లటోపీ.

ఆ బొమ్మ రెండూ యాభైకి 'తిరువూరు నిఘానేత్రం' అనే వాట్సాప్ గ్రూపులో పడింది. అందులో తొమ్మిది వందలమంది ఉన్నారు. సాయంత్రం ఐదు కాకముందే వాళ్ళంతా కలిసి ఆ మనిషి వినగడప ఐజాక్ అని తేల్చేశారు. పోలీసులకైతే రెండు వారాలు పట్టేది.

"ఆ కెమెరా ఫొటో మొదట వచ్చినప్పుడు ఈయనే మూడు గ్రూపులకి పంపాడు సార్" అంది ప్రమీలారాణి. "వీణ్ణి వదలొద్దు అని కింద రాసి మరీ పంపాడు. సాయంత్రానికి తన పేరే వచ్చింది. ఏడింటికి ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. ఫోను ఆపేశాడు. ఎక్కడున్నాడో నాక్కూడా చెప్పలా."

నవ్వొచ్చింది గాని నవ్వలేదు. పోయిన నెలలో ఇలాగే ఒక గ్రూపు దుప్పట్లమ్మేవాణ్ణి పిల్లల్నెత్తుకుపోయేవాడని తేల్చింది. అతని చంకలో ఉన్నది అతని సొంత కూతురు. ఆ సంగతి తెలిసేలోపు కాలు విరగ్గొట్టారు. తర్వాత గ్రూపులో ఎవరో చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టారు, అంతటితో అయిపోయింది.

"ఆయన్ని వాళ్ళు పట్టుకునేలోపు ఏదో ఒకటి చెయ్యండి సార్" అంది ఆమె. నేను చెప్పులేసుకున్నాను.

దారిలో ఎస్సై వంశీకృష్ణకు ఫోన్ చేశాను. స్టేషన్ మొత్తం మంత్రిగారి బందోబస్తులో ఉందన్నాడు. మంత్రిగారు వస్తున్నది మన ఊళ్ళో ప్రతి వీధిలోనూ కెమెరాలున్నాయని ప్రకటించడానికట. "సురేష్ బాబు అన్నీ చూసుకుంటున్నాడు గదండీ, ఆయన్ని కలవండి" అని పెట్టేశాడు.

సురేష్ బాబు కెమెరాల డీలరు, గ్రూపు అడ్మిన్ కూడా. ముప్పై అయిదేళ్ళుంటాయి. మార్కెట్ వీధికి కెమెరాలు పెట్టిందీ, కాపలాకు గార్డును పెట్టిందీ అతనే. తొమ్మిదీ నలభైకి వెళ్ళేసరికి కంపెనీ బట్టల్లో ఉన్నాడు. నల్లచొక్కా, నల్లప్యాంటు, వీపు మీద తెల్ల అక్షరాల్లో కంపెనీ పేరు. మేడ మీద గది తలుపుకు తాళం లేదు. బొటనవేలు ఆనిస్తే తెరుచుకుంది. ముప్పై ఒక్క ఏళ్ళు దొంగల వేలిముద్రలు తీసినవాడికి ఈ మర్యాదస్తుల వేలిముద్రలు చూస్తే అదోలా ఉంటుంది.

"నా వేలు పడందే ఈ గదిలోకి దోమ కూడా రాదు బాబాయ్" అన్నాడు. "రికార్డింగు నేను తప్ప ఇంకొకరు చూసే ప్రశ్నే లేదు."

"నిన్న ఎన్నింటికి తెరిచావు?"

"నేను గంపలగూడెంలో కెమెరాలు బిగిస్తున్నా. ఫోన్ రాగానే బయల్దేరా. రెండూ నలభై అయిదుకి తెరిచా, రెండూ యాభైకి బొమ్మ గ్రూపులో పెట్టా. ఐదు నిమిషాలు. మీ కాలంలో ఐతే కుక్కని తేవడానికే సాయంత్రమయ్యేది. ఒక్క పోలీసు బుర్ర పనిచేసేది అప్పుడు. ఇప్పుడు తొమ్మిది వందల బుర్రలు."

"తొమ్మిది వందల ఫోన్లు" అన్నాను.

అతనికి కోపమొచ్చింది. వేలెత్తి ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. నలభై ముగ్గురు ఆ మనిషిని కళ్ళారా చూశామని గ్రూపులో రాశారట. తెల్లబట్టల్లో కొట్లోంచి బయటికొచ్చి, మెయిన్ రోడ్డు మీద బస్టాండ్ వైపు పరిగెత్తాడట. నలభై ముగ్గురు సాక్షులు ఏ కేసులో ఉంటారు అన్నాడు.

"ఎదురుగా బట్టల కొట్టుకి కూడా కెమెరా ఉందిగా. అదోసారి పెట్టు."

"దానికి గుమ్మం కనబడదు. వీధే కనబడుతుంది."

"వీధే పెట్టు."

పెట్టాడు. ఆ కెమెరాలో రంగులు బాగానే ఉన్నాయి. రెండూ పది నుంచి రెండూ పాతిక దాకా కదలకుండా చూశాను. కూరగాయల సంచీతో ఆకుపచ్చ చీరావిడ ఒకరు, స్కూటరు మీద ఇద్దరు, జామకాయల బండి, ఎవరిదో గేదె. రెండూ పదకొండుకు వీధి గార్డు ప్రేమ్ కిరణ్ గస్తీ తిరుగుతూ అటు వెళ్ళాడు, రెండూ ఇరవైకి ఇటొచ్చాడు. తెల్లబట్టల మనిషి ఒక్కడు కూడా లేడు.

"సందులోంచి పోయుంటాడు" అన్నాడు సురేష్ బాబు.

"మెయిన్ రోడ్డు మీద పరిగెత్తాడని నలభై ముగ్గురు చూశారన్నావు."

"కంగార్లో జనం ఒకటికి ఇంకోటి చెప్తారు."

"నలభై ముగ్గురికీ ఒకే కంగారా?"

అతను ఫోను నా ముఖం ముందు పెట్టాడు. నేను అతని మెట్లెక్కుతున్న ఫొటో అప్పటికే గ్రూపులో ఉంది. 'ఐజాక్ తరఫున తిరుగుతున్న రిటైర్డ్ ఉద్యోగి' అని కింద రాశారు. నా చుట్టూ ఇంకా సున్నా చుట్టలేదు.

"మీ మంచికే చెప్తున్నా బాబాయ్. జనం చాలా వేడి మీదున్నారు" అన్నాడు. అందులో బెదిరింపు కంటే భయమే ఎక్కువ ఉన్నట్టనిపించింది.

కొట్టుకు వెళ్ళేసరికి పదిన్నర. షట్టరు సగం దించి ఉంది. సీతారామాంజనేయులుగారు గల్లా దగ్గర కూర్చోలేదు. మినుముల బస్తా మీద కూర్చుని ఆసుపత్రి నుంచి కొడుకు ఫోన్ కోసం చూస్తున్నాడు. అరవై అయిదేళ్ళ మనిషి ఒక్క రోజులో ఎనభై ఏళ్ళవాడైపోయాడు.

"ఎట్లా ఉందండీ ఆవిడకి?"

"కళ్ళు తెరవలేదు. ఇవాళ సాయంత్రం దాకా చూడాలన్నారు."

రోజూ మధ్యాహ్నం కొట్లో ఎవరుంటారో అడిగాను. ఒంటిగంటన్నరకు ఆయన పైకెళ్ళి భోంచేసి పడుకుంటాడు. మూడింటికి దిగుతాడు. ఆ టైములో షట్టరు సగమే దించుతారు. పట్టపగలు మొత్తం దించితే లక్ష్మి వెనక్కి తిరిగిపోతుందని బాలామణిగారి పట్టింపు. అందుకని ఆవిడే గల్లాకు చేరబడి కూర్చుంటుంది. నిన్న ఆయనకు దాహం వేసి రెండూ పాతికకు కిందికొచ్చాడు.

"మీరు అరవగానే మొదట ఎవరొచ్చారు?"

"గార్డు ప్రేమ్ కిరణ్. ఆమెని ఎత్తి ఆటోలో వేసింది అతనే. పాపం ఒళ్ళంతా రక్తం చేసుకున్నాడు. నిన్న సాయంత్రం వర్తక సంఘంవాళ్ళు శాలువా కప్పారుగా."

గల్లా మీద గోడకు చిన్న టీవీ ఉంది. గుమ్మం వైపు తిప్పిన కెమెరా చూసేదంతా అందులో కనబడుతుంది. పాతకాలపు సినిమాలాగా అంతా నలుపు, తెలుపు. బయట ఎండ కాస్తోంది. గుమ్మం పక్కన ఎర్ర బకెట్టు ఉంది. టీవీలో ఆ బకెట్టు బూడిదరంగులో ఉంది.

"టీవీ పాతదాండీ?"

"కొత్తదే. దసరా నుంచి రంగులు పోయినాయి. సురేష్ బాబుకి చెప్దామనుకుంటూనే ఉన్నాం."

ఏ వస్తువైనా చెడిపోతే చెడిపోయిన రోజు పట్టుకోమని మా పాత ఇన్‌స్పెక్టరు అనేవాడు. స్టూలు తెచ్చుకుని ఎక్కాను. మోకాళ్ళు రెండూ తిట్టుకున్నాయి. కెమెరాకు ఎండిపోయిన బంతిపూల దండ ఇంకా ఉంది. అద్దం శుభ్రంగా ఉంది. అద్దం కింద మాత్రం పసుపు, దాని మీద గంధం, దాని మీద కుంకుమ, రూపాయి బిళ్ళంత బొట్టు ఎండి పెచ్చు కట్టింది.

"ఆయుధపూజ రోజు పెట్టింది" అన్నాడు ఆయన కింద నుంచి. "కాటాకి, గల్లాకి, కెమెరాకి. నేను పెడతానన్నా వినలేదు. ఇదే స్టూలెక్కింది. దాని కంటికి తగలకూడదని జాగ్రత్తగా కిందగా పెట్టింది."

ఊళ్ళో తొమ్మిది వందలమంది ఒక పేదవాణ్ణి వేటాడటానికి కారణం ఒక ఇల్లాలి భక్తి అంటే ఎవరిని తిట్టాలో నాకు అర్థం కాలేదు.

ఆ బొట్టు కింద గింజంత నల్లచుక్క ఉంటుంది. వెలుతురు ఉందో లేదో కెమెరాకు చెప్పేది అదే. దాన్ని మూసేస్తే కెమెరా రాత్రయిందనుకుంటుంది. రాత్రయిందనుకుంటే రంగులు ఆపేసి, మన కంటికి కనబడని వెలుతురుతో చూస్తుంది. నెలరోజులుగా ఈ కొట్టుకు పగలు రాలేదన్నమాట. ఆ చూపులో రంగుల్ని నమ్మడానికి లేదని నాకు ఉద్యోగంలో ఉండగానే తెలుసు. కొన్ని రకాల బట్ట మన కంటికి ఒక రంగు, దానికి ఇంకో రంగు. కానీ ఏ బట్ట, ఏ రంగు?

సీతారామాంజనేయులుగారు గబుక్కున లేచి కాటా మీది రాయి అందుకున్నాడు. ఆయన చూపు టీవీ మీదుంది. నేనూ చూశాను. టీవీలో తెల్లచొక్కా మనిషి షట్టరు కింద నుంచి వంగి లోపలికి వస్తున్నాడు. తెల్లచొక్కా, తెల్లప్యాంటు.

స్టూలు మీద నుంచే వెనక్కి తిరిగాను. గుమ్మంలో సురేష్ బాబు నిలబడి ఉన్నాడు. నల్లచొక్కా, నల్లప్యాంటు.

"రాయి కింద పెట్టండి" అన్నాను ఆయనతో. "సురేష్ బాబూ, అక్కణ్ణుంచి కదలకు. తలెత్తి టీవీ చూడు."

చూశాడు. చెయ్యెత్తాడు. టీవీలో తెల్లచొక్కా చెయ్యి లేచింది. వెనక్కి తిరగమన్నాను. వీపు మీద కంపెనీ పేరు లేదు. తెల్ల అక్షరాలు తెల్లచొక్కాలో కలిసిపోయాయి.

"నేను నిన్న రెండింటికి గంపలగూడెంలో ఉన్నా బాబాయ్" అన్నాడు. "పాతికమంది ముందర నిచ్చెన మీదున్నా."

"నువ్వని నేనన్నానా? ఈ బట్టలు ఇంకెవరికిచ్చావు?"

"ఒకే తానులోంచి రెండు జతలు కుట్టించా. నాకొకటి, ప్రేమ్ కిరణ్‌కి ఒకటి. టోపీ మాత్రం అతనికే." అని ఆగి, తల అడ్డంగా ఊపాడు. "కాదు బాబాయ్. దొంగని మొదట చూసిందే అతను."

"ఎప్పుడు చూశాడు? ఆ గ్రూపు తెరిచి నిన్నటికి వెళ్ళు."

అతను వేలితో జరుపుతుంటే నేను భుజం మీద నుంచి చూస్తున్నాను. దండాల బొమ్మలు, కోపం బొమ్మలు, ఉరి తీయాలన్నవాళ్ళు, ఎన్‌కౌంటర్ చేయాలన్నవాళ్ళు, మధ్యలో ఎవరిదో పుట్టినరోజు. రెండూ యాభైకి కెమెరా బొమ్మ. ఆ బొమ్మ తర్వాత సాక్షులు వరసగా మొదలయ్యారు. నేనూ చూశాను, నేనూ చూశాను, నా పక్కనుంచే పరిగెత్తాడు. లెక్కపెట్టాం. నలభై ఇద్దరు.

"ఇంకా పైకి వెళ్ళు. బొమ్మకి ముందు."

రెండూ ముప్పై ఒకటికి ఒక వాయిస్ మెసేజ్ ఉంది. ప్రేమ్ కిరణ్‌ది. సురేష్ బాబు నొక్కాడు. రొప్పుతున్న గొంతు వినబడింది. "తెల్లచొక్కా, తెల్లప్యాంటు, తెల్లటోపీ పెట్టుకున్నోడు బస్టాండ్ వైపు పరిగెత్తాడు. పట్టుకోండి."

"ఈ నలభై ఇద్దరూ బొమ్మ చూశాక మనిషిని చూశారు" అన్నాను. "వాళ్ళది తొందరపాటు, అంతే. తెల్లబట్టల మనిషి వీధిలో లేడు, బట్టల కొట్టు దగ్గర నీ కెమెరాలో నువ్వే చూశావు. ఈ ఒక్క కెమెరాలో తప్ప ఆ మనిషి ఎక్కడా లేడు. మరి నువ్వు గది తెరవడానికి పద్నాలుగు నిమిషాల ముందు, అతనికి తెల్లచొక్కా అని ఎట్లా తెలిసింది?"

సురేష్ బాబు బస్తాకు ఆనుకున్నాడు. మాట్లాడింది సీతారామాంజనేయులుగారు.

"రోజూ పదకొండింటికి మంచినీళ్ళకి వస్తాడు. ఒకరోజు ఆ టీవీ చూసి, మీ టీవీలో నేను పెళ్ళికొడుకులా ఉన్నాను బాబాయిగారూ అన్నాడు. నేను బిల్లు రాస్తున్నా. తలెత్తి చూడలేదు." ఆయన రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "ఒక్కసారి తలెత్తి చూడలేదండీ."

టైము పదకొండూ అయిదు. అలసట ఒక్కసారిగా మీద పడింది. దొంగ దొరికితే సంతోషం రావాలి. నాకు మాత్రం మొన్నటిదాకా అందరం నమస్కారం పెట్టిన మనిషి ఇంకొకడు తగ్గాడనిపించింది.

"ప్రేమ్ కిరణ్ ఇప్పుడెక్కడ?" అన్నాను.

సురేష్ బాబు గబగబా చెప్పుకొచ్చాడు. "పొద్దున మీరు వెళ్ళగానే, ఐజాక్‌ని పెనుగొలనులో చూశామని గ్రూపులో పడింది. వాళ్ళ తోడల్లుడి పత్తి గోడౌన్‌లో ఉన్నాడంట. జనం చంపేస్తారని భయమేసింది బాబాయ్. అందుకే నేనే..."

"నువ్వే?"

"ప్రేమ్ కిరణ్‌ని బండి మీద పంపించా. ఎవరూ చెయ్యి చేసుకోకుండా నువ్వే దగ్గరుండి స్టేషన్‌కి తీసుకురా అని. అది చెప్దామనే ఇప్పుడు వచ్చా."

అతను ప్రేమ్ కిరణ్‌కు కలిపాడు. స్విచ్ ఆఫ్. నేను ఎస్సైకి కలిపాను. రింగు పూర్తిగా మోగి ఆగిపోయింది. మళ్ళీ కలిపాను, మళ్ళీ అంతే. మెళ్ళో శాలువా పడ్డవాడికి ఇప్పుడు కావలసింది ఒక్కటే. ఐజాక్ జేబులో నానుతాడు దొరకాలి, అది తన జేబులోకి ఎట్లా వచ్చిందో చెప్పడానికి ఐజాక్ ఉండకూడదు. పారిపోబోయి కాలవలో పడ్డాడంటే తొమ్మిది వందలమందీ నమ్ముతారు. చూశామని మళ్ళీ నలభైమంది రాస్తారు.

"బండి తియ్యి" అన్నాను సురేష్ బాబుతో. స్టేషన్‌కు మనిషిని పంపమని సీతారామాంజనేయులుగారికి చెప్పి షట్టరు కింద నుంచి బయటికొచ్చేసరికి నా ఫోను మోగింది. ప్రమీలారాణి. ఏడుస్తోంది, కానీ పొద్దుటి ఏడుపు కాదు.

"సార్, ఆయన దొరికాడు సార్. మా అక్క ఫోన్ చేసింది. జనం గోడౌన్ తలుపులు పగలగొడుతుంటే గార్డు ప్రేమ్ కిరణ్ దేవుడిలాగా వచ్చాడంట. అందర్నీ నెట్టేసి, ఈయన మీద ఒక్క దెబ్బ పడకుండా బండెక్కించుకున్నాడంట. ఇంక భయం లేదుగా సార్?"

సురేష్ బాబు బండి స్టార్టు చేసి నా వైపే చూస్తున్నాడు.

"ఏ దారిన బయల్దేరారమ్మా?" అన్నాను.

"మెయిన్ రోడ్డు మీద జనం ఆపుతారని, కాలవగట్టు మీంచి తీసుకెళ్తానన్నాడంట సార్" అంది ఆమె. "ఎంత మంచోడో చూడండి."